గట్టు చెట్ల కేసు

రోడ్డు మీద దెబ్బ తగిలిన మనిషి దగ్గరికి మా కాలంలో డాక్టరు కంటే ముందు వచ్చేవాడు బ్రోకరు. ఈ మాట వకీళ్ళ విందుల్లో ఎవరూ చెప్పరు. నేను చెప్తాను. హోసూరు, కృష్ణగిరి కోర్టుల్లో ఇరవై ఏళ్ళకు పైగా యాక్సిడెంటు కేసులు నడిపి, యాభై దాటగానే నల్లకోటు కొక్కేనికి తగిలించేసినాను. కోటు రిటైరయింది గానీ నోరు కాలేదు.

కొత్తగా చేరే పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఇంటికి వచ్చి అడుగుతారు: "మేడమ్, క్లెయిము కేసులకు ఏం చదవాల?" చట్టం చదవండి, అది ఎవరైనా చెప్తారు. చదువుతో రానిది ఒకటుంది. జన్మలో వకీలు గడప తొక్కని మనిషి, ఒళ్ళు విరిగి మంచం మీద పడుకోని ఉన్నప్పుడు, తన బతుకు ఎవరి చేతిలో పెట్టాలో తేల్చుకోవాల్సి వస్తుంది. పెండ్లి సంబంధానికి నూరు ఇండ్లలో విచారించే మనవాళ్ళు, వకీలు విషయానికి వచ్చేసరికి మొదట ఎవడు ఎదురైతే వాడికే వేలిముద్ర వేసిస్తారు. ఆ మనిషికి మీరు ఎట్ల దొరకాల, దొరికినాక మీరు ఏం అడగాల, ఇవి నాకు నేర్పింది ఒక కాలు, కొన్ని మామిడికాయలు. ఆ కథే చెప్తాను.

సీనియరు

మా సీనియరు గోవిందరాజులు సారు. కోర్టులో తమిళం, ఇంట్లో తెలుగు, తాలూకా ఆఫీసులో ఏ గుమాస్తా దొరికితే ఆ గుమాస్తా భాష. మంచి మనిషే. కానీ ఆయన లెక్కలో భూమి తగాదాలు పెద్దబంతి, యాక్సిడెంటు కేసులు చివరిబంతి. ఎంగిలాకులు తీసేసి, మిగిలింది వడ్డించే చోటు. అందుకే ఆ ఫైళ్ళు నాకిచ్చినారు. ఆడమనిషి కదా, కూర్చోని రాసుకుంటుంది అని.

ఆయన సూత్రం ఒకటుండేది: "క్లయింటు చెప్పింది రాయి. చెప్పనిది అడగొద్దు. అడిగితే నిజం చెప్తారు, నిజం చెప్తే మనకు తలనొప్పి."

చాలామంది సీనియర్లు ఇంతే. మీకూ ఇదే చెప్తారు. వినండి, తల ఊపండి, పాటించొద్దు.

అవ్వ వచ్చిన రోజు

తొంభైల చివర, మామిడి సీజను. అన్నం తిని సారు కుర్చీలోనే కునుకు తీస్తా ఉన్నారు. గడపలో ఒక ముసలామె నిలబడింది. చెప్పులు చేతిలో, ఊపిరి గొంతులో.

"ఆడ వకీలు ఈడ ఉందంటనే, యాడ?"

సారు కండ్లు తెరిచి, "ఏం కావాలమ్మా, నాతో చెప్పు," అన్నారు.

"నువ్వు కాదప్పా. నువ్వు పండుకో."

నాకు నవ్వాగలేదు. ఆమెను లోపలికి పిలిచి కూర్చోబెట్టినాను. పేరు నంజమ్మ. రాయకోట పక్కన పల్లె, మామిడితోట ఉన్న ఇల్లు. పెద్దకొడుకు మునియప్పకు టెంపో ఉంది. చిన్నకొడుకు నారాయణప్ప నోట్లో నాలుక లేని మనిషి. అతని పెండ్లాం సాకమ్మే తోట పనంతా చూస్తుంది. మూడు దినాల ముందర సాకమ్మ మునియప్ప టెంపోలో కాయలేసుకోని, డ్రైవరు పక్కన కూర్చోని, కృష్ణగిరి మండీకి పోతా ఉంటే, రాయకోట దాటినాక దిగుడులో డ్రైవరు వేగం పట్టలేక బండిని బోర్లా పడేసినాడు. సాకమ్మ కుడికాలు నలిగిపోయింది. మోకాలి కింద తీసేసినారు.

"పోలీసులు వచ్చినారా?"

"వచ్చినారు, మళ్ళీ వస్తామని పోయినారు. సాకమ్మకు ఇంకా తెలివి సరిగా లేదు కదా. ఈ లోపల ఎవురో ఒకడు ఆసుపత్రిలో మా పెద్దోన్ని పట్టుకున్నాడు. ఇంట్లో మొగోళ్ళు ఇద్దరు, వాడొకడు, ముగ్గురూ చేరి మాట తెంచేసినారు. ఇంకో మొగోడి కాడికి పోయి నేను నాలుగో తల ఊపించుకోవాల్నా? అందుకే ఆడమనిషి యాడుందని అడుక్కుంటా వచ్చినా."

వకీలును ఎట్ల పెట్టుకోవాలని ఇప్పుడు పుస్తకాలు రాస్తున్నారు. నేను చూసినవాళ్ళలో ఆ అవ్వ పెట్టుకున్నంత బాగా ఎవరూ పెట్టుకోలేదు. దారిలో దొరికినవాన్ని వద్దనింది. తన మాట వినే మనిషిని వెతుక్కోని వచ్చింది. వచ్చినాక కూడా నన్ను ఎగాదిగా చూసి, "నీకు అరిచేదానికి వస్తుందా?" అని అడిగింది. వస్తుందన్నాను. సారు కుర్చీలో నుంచి, "దానికి నేను సాక్షి," అన్నారు.

వార్డులో

ఆసుపత్రికి పోయేసరికి మంచం చుట్టూ సభ జరుగుతా ఉంది. మునియప్ప, నారాయణప్ప, చంకలో ప్లాస్టిక్ సంచితో బ్రోకరు. అతనికి సేలంలో ఎవరో వకీలు ఉన్నాడంట, ఇక్కడ ఇతను చేపలు పట్టి అక్కడికి పంపేవాడు.

బ్రోకరు ఏర్పాటు ఇది. సాకమ్మ టెంపోలో లేదు. రోడ్డు పక్కన నిలబడి ఉంటే టెంపో వచ్చి గుద్దింది. గూడ్సు బండిలో మనిషిని ఎక్కించుకున్నారంటే ఇన్సూరెన్సు కంపెనీ పేచీ పెడుతుంది, నిలబడిన మనిషి అంటే నోరు మూసుకోని ఇస్తుంది. వచ్చినదాంట్లో సగం వాళ్ళకు.

"అందరూ చేసేదే మేడమ్. మీరు కొత్త కదా, మీకు తెలీదు."

మునియప్పకు ఆ ఏర్పాటు బాగా నచ్చింది. ఎందుకంటే అతని భయం వేరే. "మన బండి మీద మనమే కేసా? ఊర్లో తలకాయ ఎట్ల ఎత్తుకోని తిరిగేదమ్మా? రేపు డబ్బు నేను కట్టాలంటే తోట అమ్మాల్నా?"

ఈ తప్పు మా పక్క ప్రతి ఇంట్లో చూసినాను. బండి మావయ్యది, మేనల్లుడిది, ఊరివాడిది అని కేసు వెయ్యరు. వేస్తే సంబంధాలు తెగిపోతాయని. మునియప్పను అడిగినాను: "బండికి ఇన్సూరెన్సు కట్టినావా?"

"కట్టినా."

"ఏమనుకోని కట్టినావు? గుడి హుండీ అనుకోనా? వేస్తే తిరిగి అడగకూడదని మొక్కుకున్నావా? ఇచ్చేది కంపెనీ. నువ్వు కాదు."

బ్రోకరు మధ్యలో దూరినాడు. నేను వాడిని పట్టించుకోకుండా మంచం దగ్గరికి పోయినాను. సాకమ్మకు తెలివి వచ్చింది. ముఖం పాలిపోయి ఉన్నా, చూపు మాత్రం మెత్తగా లేదు. బొటనవేలు నాకు చూపించింది. నల్లసిరా.

"ఎవురో పట్టుకోని ఒత్తించినారమ్మా. మత్తులో ఉండిన్నా. నాకు సంతకం పెట్టేదానికి వస్తుంది."

సంతకం వచ్చిన మనిషి చేత వేలిముద్ర! నేను తిరిగి బ్రోకరును వకాలత్తు కాగితం చూపించమన్నాను. టీ తాగి వస్తానని పోయినాడు. ఆ టీ ఇంకా తాగుతానే ఉన్నట్టున్నాడు. మునియప్ప దగ్గర నంబరు తీసుకోని సేలం వకీలుకు నేను ఫోను చేసి, బార్ కౌన్సిల్‌కు రాయాల్నా వద్దా అని ఒకే మాట అడిగినాను. ఆ కేసు నాకొద్దు అని ఆయన రాసిచ్చినాడు.

పిల్లలూ, అబద్ధం పాపమని నేను వద్దనలేదు. నేనంత పుణ్యాత్మురాలిని కాదు. అబద్ధంతో కేసు మొదలుపెట్టిన క్లయింటు ఆ రోజు నుంచి దాన్ని అల్లినవాడికి కట్టుబానిస. వాడు సగం అడిగితే సగం ఇవ్వాల, ముప్పాతిక అడిగితే ముప్పాతిక ఇవ్వాల. వచ్చినదాంట్లో వాటా అడిగేవాడు వకీలు కాదు, మీ కాలికి భాగస్తుడు. వాడిని వాకిట్లోనే ఆపండి.

ఎందుకు పోయినావు?

సారు నా మాట విని తల పట్టుకున్నారు. "సరే, నిజమే రాయి. కానీ వట్టి మనిషి గూడ్సు బండిలో పోతే పైసా రాదు. సరుకు యజమాని గానీ, యజమాని పంపిన మనిషి గానీ అయితే వస్తుంది. చట్టం మారింది కదా. మొగుడు పంపినాడని రాసెయ్యి, సులువు."

నేనూ అదే అనుకోని మళ్ళీ వార్డుకు పోయి నారాయణప్పను అడిగినాను. ఆయన నేల చూస్తా అన్నాడు: "నేను పంపలేదమ్మా. అన్నా పంపలేదు. తానే పోయింది."

"పంపకుండా ఎందుకు పోతుంది?"

అవ్వ కిటికీ వైపు తిరిగింది. అప్పుడు నాకు తెలిసింది, చెప్పనిది ఏదో ఉందని. మొగోళ్ళను బయటికి పంపేసి తలుపు దగ్గరికి వేసినాను.

"ఇప్పుడు చెప్పు సాకమ్మా. ఎందుకు పోయినావు?"

"నా కాయలమ్మా అవి," అనింది.

వాళ్ళ ఇంట్లో ఒక వాడుక ఉంది. తోట లోపలి చెట్లు మొగోళ్ళవి. తోట చుట్టూ గట్టు మీద ఉండే చెట్లు ఆడోళ్ళవి. అత్త కోడలికి ఇస్తుంది. ఆ కాయలు ఆడోళ్ళే కోసుకోవాల, ఆడోళ్ళే మండీకి తోలుకోని పోవాల. ఆ డబ్బుకు మొగోళ్ళు లెక్క అడగరు, ఆ కాయల మీద చెయ్యి వెయ్యరు. అట్లే, బయట ఎవ్వరికీ చెప్పరు. ఇంటి పరువంట. ఆ రోజు టెంపోలో ఉండింది గట్టు చెట్ల కాయలే.

"మరి ఈ మాట ముందే చెప్పొచ్చు కదా!"

"బయట చెప్పే మాటనా అది?" అనింది సాకమ్మ. "మా బావ ఒప్పుకుంటాడా? గట్టు మాది అంటే, రేపు భూమిలో పాలు అడుగుతారని భయం ఆయనకు. ఇప్పటికే అంటున్నాడు, కాలు లేని మనిషి తోట ఏం చూస్తుంది, పూత మీదనే కాంట్రాక్టుకు ఇచ్చేస్తా అని. కాంట్రాక్టుకు ఇస్తే లోపలిది, గట్టు అని చూస్తారా? అన్నీ పోతాయి."

అదీ సంగతి. క్లెయిము గెలిస్తే కట్టుడుకాలు పెట్టించుకోని, ఇద్దరు మనుషులను పెట్టుకోని తోట నిలుపుకుంటుంది. ఓడిపోతే వంటింటి గడపలో కూర్చోని, వేరేవాడు వచ్చి తన చెట్లు దులుపుకోని పోతా ఉంటే చూస్తా ఉండాల. బ్రోకరు అబద్ధం గెలిచుంటే కూడా అంతే. ఆ అబద్ధంలో రోడ్డు పక్కన నిలబడిన మనిషికి కాలు ఉండింది, పోయింది. కాయలు మాత్రం అసలు లేనే లేవు.

"కోర్టులో చెప్తావా?" అని అడిగినాను.

సాకమ్మ అత్త వైపు చూసింది. అవ్వ కిటికీ దగ్గర నుంచి తిరక్కుండానే అనింది: "కాలే పోయినాక పరువేముందే, చెప్పు."

కృష్ణగిరి కోర్టు

నేను పిటిషనులో సరుకు యజమానురాలు అని రాసినాను. సారు చదివి ఫైలు నా బల్ల మీద పడేసినారు. "ఓడిపోతావు. పట్టా బావ పేరు మీద ఉంది. ఈ గట్టు పురాణం ఏ జడ్జి వింటాడు? కనీసం మొగుడు పంపినాడని కూడా పక్కన రాసుకో."

"ఆయన బోనెక్కి పంపలేదంటాడు సార్. అప్పుడు రెండూ పోతాయి."

"నువ్వే నడుపుకో."

నడుపుకున్నాను. సాక్ష్యాలకు వచ్చేసరికి మళ్ళీ మామిడి పూత వచ్చి పోయింది. నేను చెప్పినందుకు మునియప్ప తోటను ఆ ఏటికి కాంట్రాక్టుకు ఇవ్వకుండా ఆగినాడు. తీర్పు వరకే, అని నా ముఖం మీద చెప్పినాడు.

కంపెనీ వకీలు తేనె పూసిన కత్తి. సాకమ్మ కర్రల మీద వచ్చి బోనులో నిలబడితే, ముందు కుర్చీ వేయించినాడు, తర్వాత నరకడం మొదలుపెట్టినాడు. ఆ కోర్టులో సాక్ష్యం తమిళంలో రాసుకుంటారు గానీ, మాటలు తెలుగులోనే నడుస్తాయి.

"తోట ఎవరి పేరు మీద ఉందమ్మా?"

"మా బావ పేరు మీద."

"బండి?"

"బావదే."

"తోట బావది, బండి బావది. కాయలు తోటవి. మధ్యలో నీదేముందమ్మా?"

"గట్టుంది."

హాల్లో నవ్వినారు. అతనూ నవ్వినాడు. నేను నవ్వలేదు. అవ్వను పిలిపించినాను.

అవ్వ బోను ఎక్కి, జడ్జికి దండం పెట్టి, కంపెనీ వకీలుకు పెట్టలేదు. గట్టు చెట్లు తన అత్త తనకిచ్చిందని, తాను సాకమ్మకిచ్చినానని చెప్పింది. కంపెనీ వకీలు లేచినాడు.

"కాగితం ఉందా అవ్వా?"

"నీకు మీ అమ్మ పాలిచ్చింది కదప్పా. కాగితం రాయించుకున్నావా?"

జడ్జి కూడా తల వంచి నవ్వు దాచుకున్నాడు. వకీలుకు రోషం వచ్చింది. "ఇంట్లో ఆడవాళ్ళు చీరలకు గాజులకు నాలుగు కాయలు అమ్ముకుంటే అది యజమానురాలు కావడమా? ఆ డబ్బుతో ఈ ఇంట్లో ఎవరైనా చెప్పుకోదగ్గది ఒక్కటి కొన్నారా?"

కోర్టులో ఒక్క ప్రశ్న ఎక్కువ అడగొద్దని చెప్తారు. ఎందుకో ఆ రోజు చూసినాను. అవ్వ అతన్ని వదిలేసి, వెనక బెంచీలో కూర్చోనున్న కొడుకు వైపు తిరిగింది.

"ఏరా మునియప్పా, అడుగుతా ఉన్నాడు, చెప్పు. ఆ టెంపో తెచ్చినప్పుడు అడ్వాన్సు కట్టిన డబ్బు యా చెట్ల మీద వచ్చింది? బండి మీద నీ పేరు రాసుకున్నావు, నా చెట్ల పేరు రాసినావా?"

జడ్జి బల్ల కొట్టినాడు, సాక్షి ఎవరితోనూ మాట్లాడకూడదన్నాడు. "నేను మాట్లాడలేదు సామీ, అడిగినా," అని అవ్వ దిగిపోయింది.

తర్వాత మునియప్ప. అతన్ని పిలిపించింది కంపెనీనే. అతను ఇంటి పెద్దగా ఛాతీ విరుచుకోని చెప్పినాడు: తోట నాది, గట్టు నాది, చెట్లన్నీ నావి, ఆడోళ్ళకు విడిగా ఏమీ లేదు. కంపెనీ వకీలు సంతోషంగా కూర్చున్నాడు.

నేను లేచినాను. రాత్రంతా రాసుకున్న ప్రశ్నలు చాలానే ఉండినాయి. అన్నీ మడిచి పక్కన పెట్టినాను.

"మునియప్పన్నా, ఇప్పుడు ఇదే బోనులో నిలబడి మీ అమ్మ చెప్పిన మాట అబద్ధమా?"

అతను నా వైపు చూసినాడు. జడ్జి వైపు చూసినాడు. వెనక అవ్వ కూర్చోనుంది, ఆ వైపు మాత్రం చూడలేదు. కంపెనీ వకీలు లేచి అభ్యంతరం అన్నాడు. జడ్జి చెయ్యెత్తి, "సాక్షి చెప్పనీ," అన్నాడు.

"మా అమ్మ అబద్ధం చెప్పదు," అన్నాడు మునియప్ప.

"అయితే గట్టు చెట్లు?"

"…ఆడోళ్ళవే."

ఆ మాటను తమిళంలో రాసుకున్నారు. సరుకు యజమానురాలు అని తీర్పులో రాసినారు. కంపెనీ డబ్బు కట్టాల్సి వచ్చింది. సారు ఆ తీర్పు నకలు రెండుసార్లు చదివి, "గట్టు పురాణం," అని గొణిగి, అది మొదలు యాక్సిడెంటు కేసు ఏది వచ్చినా నన్ను పిలిచి ముందు నా పక్కన క్లయింటుకు కుర్చీ వేయించేవారు.

కొత్తవాళ్ళతో

నా తర్వాత వచ్చినవాళ్ళు చాలామంది అడిగినారు, ఆ కేసులో నీ తెలివేముంది, అవ్వ గెలిపించింది కదా అని. అవును, అవ్వే. నేను చేసిందల్లా మొగోళ్ళను బయటికి పంపి తలుపు వెయ్యడం. ఆ తలుపు వెయ్యడం మన వృత్తిలో ఎంతమందికి వస్తుందో లెక్కపెట్టి చెప్పండి, తర్వాత మాట్లాడదాం. గాయాన్ని అందరూ అడుగుతారు. ఎముక ఎన్ని ముక్కలయింది, ఎన్ని కుట్లు పడినాయి, అది డాక్టరు రాసిస్తాడు. ఆ మనిషి ఆ రోజు ఎందుకు బయలుదేరింది, ఎవరి పని మీద, ఎవరి వస్తువుతో, అది మీరు అడగాల. పక్కన నిలబడి ఆమె తరఫున జవాబు చెప్పేవాళ్ళను నమ్మొద్దు. వాళ్ళు బంధువులైతే అసలే నమ్మొద్దు.

వకీలును వెతుక్కునే మీరు కూడా వినండి. పిలవకుండా మీ మంచం దగ్గరికి వచ్చినవాడు మీ వకీలు కాడు. మీరు లేచి పోలేకుంటే, మీ ఇంట్లో గట్టిగా మాట్లాడే ముసలామెను పంపండి.

సాకమ్మను ఆ తర్వాతి సీజనులో చూసినాను. వేరే కేసు పని మీద రాయకోటకు పోయి బస్సు కోసం నిలబడి ఉంటే, మునియప్ప టెంపో రోడ్డు పక్కన ఆగి ఉంది, గట్టు కాయల బుట్టలు ఎక్కిస్తా ఉన్నారు. తోట కాంట్రాక్టుకు పోలేదన్నమాట. కేసు అయినాక మునియప్ప ఒక కట్టు పెట్టినాడంట: తన బండిలో ఆడోళ్ళు ఎవ్వరూ ఎక్కకూడదు. కాయలు పోతాయి, మనుషులు పోరు.

సాకమ్మ కట్టుడుకాలితో నడుచుకోని వచ్చింది. కొంచెం ఒక పక్కకు వాలుతా. క్యాబిను తలుపు తీసింది. డ్రైవరు కొత్తవాడు, పాపం, దిక్కులు చూసినాడు. బండి వెనక నుంచి మునియప్ప అరిచినాడు:

"ఏమ్మా, చెప్పినా కదా ఎక్కకూడదని!"

నేను చెయ్యి ఇవ్వబోయినాను. వద్దని తల ఊపింది. రెండు చేతులతో కమ్మీ పట్టుకోని, మంచికాలు ముందు పెట్టి, కట్టుడుకాలు వెనక ఈడ్చుకోని, సీట్లో కూర్చోని తలుపు వేసుకుంది. తర్వాత కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"కాయలు నావి బావా. కాయలతో నేనూ పోతా. కావాలంటే నువ్వే కేసు వెయ్యి. మా వకీలమ్మ ఈడనే నిలబడుకోనుంది."

మునియప్ప నా వైపు చూసినాడు. నేను కొంగు సర్దుకోని ఒకడుగు ముందుకు వేసినాను.

"దిగుడులో నిదానంగా తోలప్పా," అన్నాడు డ్రైవరుతో.